నీ బల్ల దగ్గరే కూర్చుని

మార్చి 4

మావయ్యా,

చివరి మాట ముందే చెప్పేస్తాను, లేకపోతే నువ్వు ఉత్తరం సగంలో వదిలేసి బస్సెక్కేస్తావు. ముగ్గురం బాగున్నాం. ఒంటి మీద ఒక్క బొబ్బ కూడా లేదు. ఇల్లు మాత్రం కాలింది.

పోయిన గురువారం మధ్యాహ్నం జరిగింది. మా ఆయన బస్సు తోలుతున్నాడు, చిన్నది బడిలో ఉంది, నేను కళ్ళద్దాల కొట్టులో ఒక పెద్దాయన్ని "ఈ అద్దం నయమా, ఆ అద్దం నయమా" అని అడుగుతున్నాను. ఫ్రిజ్ వెనకాల వైరు కాలి, వంటిల్లు అంటుకుని, మంట ముందుగదిలోకి పాకిందట. ఎదురింటావిడ పొగ చూసి ఫైరింజనుకి ఫోన్ చేసింది. నేను వెళ్ళేసరికి అంతా ఆరిపోయి నీళ్ళు కారుతున్నాయి. వెనక పడగ్గదులు రెండూ నిలబడ్డాయి. వంటిల్లు, ముందుగది బొగ్గయిపోయాయి. ముందువైపు పైకప్పు లేనే లేదు. మా ఆయన యూనిఫాంతోనే వచ్చి, గుమ్మంలో నిలబడి, "పొద్దున స్టవ్ ఆపాను కదా, ఆపాను కదా" అని నాలుగుసార్లు అడిగాడు. ఆపాడు పాపం. చల్లారిన స్టవ్‌ని కూడా చూపించాను.

ఇన్సూరెన్స్ ఉంది, బెంగపడకు. కంపెనీవాళ్ళు మమ్మల్ని రెండు గదుల వాటాలో పెట్టారు. కింద డబ్బులేసి బట్టలుతుక్కునే మెషీన్ల కొట్టు. రోజంతా మా నేల సన్నగా వణుకుతూ ఉంటుంది. ఈ అద్దె వాళ్ళు ఆగస్టు ఆఖరు వరకే కడతారు. ఆ తర్వాత ఇక్కడి అద్దె, కాలిన ఇంటి అప్పు రెండూ మోయడం మా వల్ల కాదు. ఇంట్లోకన్నా వెళ్ళాలి, ఇల్లన్నా అమ్ముకోవాలి. "ఆరు నెలలుంది, ఈలోగా ఊరే కట్టొచ్చు" అని మా ఆయన ధీమా.

నష్టం లెక్క తేల్చడానికి సర్వేయర్ ఒకాయన రబ్బరు బూట్లేసుకుని వచ్చాడు. కాలిన వస్తువులన్నీ జాబితా రాసిమ్మన్నాడు. నాకంటే ముందు చిన్నది కాగితం లాక్కుని మొదటి పేరు రాసేసింది: అగ్గిపెట్టెలో దాచుకున్న తన ఊడిన పన్ను. సర్వేయర్ ఏమాత్రం నవ్వకుండా "విలువ ఎంత?" అని అడిగాడు. అది ఇంకా ఆలోచిస్తోంది.

నీ పేచీకోరు


మార్చి 13

పేచీకోరూ,

రంపం పక్కన పెట్టి రాస్తున్నాను. ఎప్పట్లాగే కవరులోంచి పొట్టు రాలుతుంది, దులుపుకుని చదువు.

ఫోన్ చేయలేదేమని అడగనులే. ముప్ఫై ఏళ్ళు కోత మిషను పక్కన నిలబడ్డ చెవులు ఇవి. ఫోన్ నా చెవికి పెట్టినా గోడకి పెట్టినా ఒకటే. ముగ్గురూ క్షేమం అన్నావు, నాకదే పదివేలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కొత్తింట్లోకి వెళ్ళిన నాటి నుంచి నువ్వు రాసిన ప్రతి ఉత్తరం ఒకే మాటతో మొదలవుతుంది. "మావయ్యా, నీ బల్ల దగ్గరే కూర్చుని రాస్తున్నాను." ఈసారి ఆ మాట లేదు. ముందుగది బొగ్గయిందన్నావు. బల్ల ఉండేది ముందుగదిలోనే. నాకు అర్థమైంది. చెప్పడానికి నీకు నోరు రాలేదు, అంతేగా.

ఏడవకు. చెక్క అన్నాక ఏదో ఒకరోజు నిప్పుకో చెదలకో పోవాల్సిందే. తొమ్మిదడుగుల టేకు బల్ల, ఎనిమిది కుర్చీలు. నాలుగు నెలలు పట్టింది. మీ అత్తయ్య పక్కన కూర్చుని ఉప్పుకాగితం రుద్దింది, రుద్దుతూ నన్ను తిట్టింది. "ఇద్దరున్న కాపురానికి ఎనిమిది కుర్చీలెందుకయ్యా, ఊరంతా తిండికి వస్తారా" అని. పోతే పోయింది. దాంతోపాటు ఇంకొకటి కూడా పోయింది. అది నీకు తెలియదు, తెలియనక్కర్లేదు.

అల్లుణ్ణి స్టవ్ గురించి ఆలోచించడం మానమను. చిన్నదాని పన్నుకి మాత్రం గట్టి ధర చెప్పమను, బేరానికి దిగొద్దను.

మీ మావయ్య


మార్చి 25

మావయ్యా,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. బల్ల సంగతి తీరిగ్గా రాస్తాను. ఇప్పుడు వద్దు.

ఇప్పుడు మా సంఘం కథ విను. మా కాలనీలో ముప్ఫై ఆరు ఇళ్ళు, అందరికీ కలిపి ఒక యజమానుల సంఘం. గోడ రంగు, కప్పు పెంకు, కిటికీ రెక్క, బయటికి కనపడేది ఏది మార్చాలన్నా వాళ్ళ కమిటీ అనుమతి కావాలి. ఆ షరతుకి సంతకం పెట్టే ఇల్లు కొన్నాం, కాదనను. కార్యదర్శి రిటైరైన లెక్కల మాస్టారు. మంచివాడే. కాకపోతే నిబంధన నంబరు లేకుండా "బాగున్నారా" అని కూడా అడగడు.

వానకి తడవకుండా కప్పు మీద నీలం పట్టా కప్పించాం. నాలుగో రోజున నోటీసు వచ్చింది. ఆమోదించిన రంగుల్లో నీలం లేదు గనక వెంటనే మార్చుకోగలరు, లేనిచో జరిమానా అని. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే ఇంకొకడు చుట్టకి నిప్పడిగాడట! వెళ్ళి అడిగితే మాస్టారు నిజంగానే నొచ్చుకున్నారు. "నాకూ బాధగానే ఉందమ్మా. కానీ ఈరోజు నీలానికి ఊ అంటే రేపు ఇంకొకరు గులాబీ అంటారు." మా ఆయన నిచ్చెనెక్కి పట్టా తిరగేశాడు. వెనకవైపు వెండిరంగు. అదీ జాబితాలో లేదట.

అసలు తమాషా ఇంకా ఉంది. కప్పు వేయాలంటే సంఘం అనుమతి కావాలి. సంఘమేమో, కంపెనీ ఒప్పుకున్న అంచనా కాగితం తెస్తే అనుమతిస్తామంటుంది. కంపెనీవాళ్ళేమో, సంఘం అనుమతి తెస్తే అంచనా ఒప్పుకుంటామంటారు. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు. నేను మధ్యలో కళ్ళద్దాల సంచీ భుజానేసుకుని ఆ ఆఫీసుకీ ఈ హాలుకీ తిరుగుతున్నాను. పైగా కమిటీకి ఇచ్చిన దరఖాస్తు కనపడటం లేదట. మళ్ళీ రాసిచ్చాను. అదీ కనపడటం లేదట. కమిటీ నెలకోసారి, రెండో శనివారం కూర్చుంటుంది. ఎనిమిది మందిలో ఆరుగురు రావాలి. ఈ నెల అయిదుగురొచ్చి, టీ తాగి, వాయిదా వేసుకుని వెళ్ళారు.

నువ్వు నవ్వుకుంటావని కంపెనీ ఉత్తరం నకలు పంపుతున్నాను. మొదటి వాక్యం ఎక్కడ ఆగుతుందో కనిపెట్టు చూద్దాం.

నీ పేచీకోరు


ఏప్రిల్ 8

పేచీకోరూ,

రంపం పక్కన పెట్టి రాస్తున్నాను. అక్షరం వంకరగా ఉంటే ఏమనుకోకు, పెన్ను మంచిది కాదు.

కంపెనీ ఉత్తరం చదివాను. మొదటి వాక్యం ఆగలేదు, నేనే ఆగిపోయాను. కానీ దాని మీద అడ్రసు ఉంది, నీ క్లెయిమ్ నంబరు ఉంది. నాకు కావలసింది అదే.

"బల్ల సంగతి తర్వాత" అని నువ్వు రాసినప్పుడే పోల్చుకున్నాను. నీ మొహమాటం నాకు తెలియదా? మావయ్య ఊరికే ఇచ్చిన బల్లకి వెల కట్టి డబ్బు అడగడమేమిటని జాబితాలో రాసి ఉండవు. చిన్నప్పుడు కూడా అంతే, పక్కింట్లో ఆకలేసినా అడిగేదానివి కాదు, గుమ్మంలో నిలబడి వాళ్ళ గిన్నెల వంక చూసేదానివి. అందుకని నేనే రంగంలోకి దిగాను. "నా చేత్తో చేసి నా మేనకోడలికి ఇచ్చిన తొమ్మిదడుగుల టేకు బల్ల, ఎనిమిది కుర్చీలు సదరు ఇంటి ముందుగదిలో ఉండగా మంటల్లో పోయినవి" అని కంపెనీకి రాసి సంతకం పెట్టాను.

ఉత్త మాటని ఎవడు నమ్ముతాడు? ట్రంకుపెట్టెలో నీ ఉత్తరాలన్నీ ఉన్నాయి. తేదీ వేసినవి ఎనిమిది తీశాను, ఆఖరుది మొన్న జనవరిదే. "నీ బల్ల దగ్గరే కూర్చుని" అన్న చోటల్లా ఎర్ర పెన్సిలుతో గీత గీశాను. మొత్తం రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఇంతకంటే సాక్ష్యం ఏ కోర్టులో దొరుకుతుంది?

ఇక చూసుకో, కంపెనీవాళ్ళు పరుగెత్తుకుంటూ నీ గుమ్మంలోకి వస్తారు.

మీ మావయ్య


మే 9

మావయ్యా,

వచ్చారు. నువ్వన్నట్టే పరుగెత్తుకుంటూ వచ్చారు.

సర్వేయర్, ఆయన వెంట కంపెనీ విచారణ విభాగం మనుషులిద్దరు. నీ కాగితాలు చేత్తో పట్టుకుని, బూడిదంతా జల్లెడ పట్టారు. తొమ్మిదడుగుల బల్లకి బోల్టులుంటాయి, ఎనిమిది కుర్చీలకి మేకులుంటాయి, ఇనుము కాలి బూడిద కాదు గదా అన్నారు. ఒక్క బోల్టు దొరకలేదు. అప్పుడు సర్వేయర్ నా జాబితా తీసి, నీ ఉత్తరం పక్కన పెట్టి, "జనవరిలో ఉన్న బల్ల ఫిబ్రవరిలో కాలిన ఇంట్లో ఎందుకు లేదమ్మా? మంట రాకముందే మంచి సామాను ఎవరు, ఎక్కడికి చేరవేశారు?" అని అడిగాడు. ఎంత మర్యాదగా అడిగాడో! ఇల్లు మేమే తగలబెట్టుకున్నామన్న అనుమానం అది. మా ఆయన్ని వేరే గదిలో కూర్చోబెట్టి, ఆ రోజు తాళంచెవి ఎవరి దగ్గరుందని గంటసేపు అడిగారు. ఫైలు ఆపేశారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది మావయ్యా.

తప్పు నీది కాదు. నాది. ఇన్నాళ్ళూ తేలుకుట్టిన దొంగలా ఊరుకున్నాను. ఇప్పుడు చెప్పక తప్పదు.

బల్ల కాలిపోలేదు. ఆ ఇంట్లో బల్ల లేదు. నాలుగేళ్ళుగా లేదు.

ముందుగది పదకొండు అడుగులు, బల్ల తొమ్మిది. మా ఆయన వంటింట్లోకి వెళ్ళాలంటే పక్కకి తిరిగి ఊపిరి బిగపట్టేవాడు. చిన్నదానికి పరుగులొచ్చాక దాని నుదురూ నీ బల్ల మూలా సరిగ్గా ఒకే ఎత్తు. రెండుసార్లు కుట్లు పడ్డాయి. రెండోసారి ఆసుపత్రి నుంచి వచ్చి, ఆ రోజే ఇచ్చేశాను. అప్పుడే కట్టిన మా సంఘం హాలుకి కుర్చీలు కూడా లేవు. మా ఆయనా నలుగురు బస్సు డ్రైవర్లూ కలిసి మోశారు. నా పేరు ఎక్కడా రాయొద్దని ఒట్టేయించుకున్నాను. ఎటు తిరిగి ఎటొచ్చినా ఆ మాట నీ దాకా రాకూడదని.

నీకు నేనే చెబుదామని కాగితం ముందేసుకున్న వారంలోనే అత్తయ్య పోయింది. అప్పుడెలా చెప్పను? ఆ తర్వాత ఉత్తరం మొదలుపెట్టగానే చెయ్యి దానంతటదే "నీ బల్ల దగ్గరే" అని రాసేసేది. నీకు సంతోషంగా ఉంటుందని సరిపెట్టుకున్నాను. నువ్వు వస్తానన్న రెండుసార్లూ ఏదో వంక చెప్పి ఆపింది కూడా అందుకే.

మా కమిటీ నా దరఖాస్తుని వాయిదా వేస్తున్నది నీ బల్ల చుట్టూ కూర్చునే. నవ్వొస్తే నవ్వు. కోపమొస్తే తిట్టు. మాట్లాడకుండా మాత్రం ఉండకు.

నీ పేచీకోరు


జూన్ 1

అమ్మాయ్,

నీ ఉత్తరం అంది మూడు వారాలైంది. తీరిక లేక రాయలేదనుకోకు.

బల్ల ఇచ్చేసినందుకు కోపం లేదు. చంటిదాని నుదురు కంటే నా టేకు ఎక్కువా? అబద్ధం దేనికి, కాస్త ఉంది. కానీ అసలు కోపం అది కాదు. నీ ఉత్తరం విప్పగానే నేను చూసేది ఆ ఒక్క వాక్యం. అది చదివి, నువ్వు ఏ కుర్చీలో కూర్చున్నావో, మోచెయ్యి ఎక్కడ ఆనించావో ఊహించుకుని, అప్పుడు తక్కినది చదివేవాణ్ణి. నాలుగేళ్ళు ఖాళీ చోటుని చూసుకుని మురిసిపోయానన్నమాట.

ఇకనుంచి ఎక్కడ కూర్చుని రాస్తే అక్కడే అని రాయి. చెత్తబుట్ట మీద కూర్చున్నా సరే.

కాలిపోలేదన్నావు. నిజమేనా? ఆ ముక్క ఇంకోసారి రాయి.

మావయ్య


జూన్ 9

మావయ్యా,

కింద కొట్టులో మూడో నంబరు మెషీను మీద కూర్చుని రాస్తున్నాను. ఇది తిరుగుతోంది, అక్షరాలు వణికితే దాని తప్పు. లోపల మా ఆయన యూనిఫాం ఉంది.

కాలిపోలేదు. నిజం. నిన్న హాలుకి వెళ్ళి కళ్ళారా చూశాను. కుర్చీలు ఎనిమిదీ ఉన్నాయి. బల్ల మీద టీకప్పుల గుండ్రాలు పడ్డాయి, ఎవరో పెన్నుతో లెక్క చేశారు. మాస్టారే అయ్యుంటారు, లెక్క కరెక్టుగా ఉంది. ఒక కాలు కొంచెం ఊగుతోంది, కింద ఏవో కాగితాలు మడిచి పెట్టారు. నువ్వు చూస్తే ఊరుకోవు.

సర్వేయర్‌కి జరిగింది జరిగినట్టు చెప్పేశాను. శ్రద్ధగా విన్నాడు. "కథ బాగుందమ్మా, కానీ ఆ హాల్లో ఉన్నది మీ మావయ్యగారు చేసిన బల్లేనని ఎవరు చెప్పాలి?" అన్నాడు. సంఘం పుస్తకంలో చూస్తే "ఒక సభ్యురాలు ఇచ్చిన బల్ల" అని మాత్రమే ఉంది. నేను పెట్టిన షరతు నా మెడకే చుట్టుకుంది. మాస్టారు సాక్ష్యం చెబుతానన్నారు గానీ, ఇరుగుపొరుగువాళ్ళ మాట చెల్లదట. చేసినవాడికి తప్ప ఇంకొకరికి తెలియని గుర్తు ఏదైనా ఉంటే చూస్తానన్నాడు సర్వేయర్. జూలై పదకొండున కమిటీ కూర్చునే వేళకి హాలుకే వస్తాడు. అది దాటితే ఇంకేం చేసినా ఆగస్టు ఆఖరుకి కప్పు పడదు. ఇల్లు అమ్మకానికి పెట్టడం గురించి మా ఆయన నిన్న మొదటిసారి పైకి అన్నాడు. అని, వెంటనే స్టవ్ ఆపొస్తానని లేచి వెళ్ళాడు. స్టవ్ వెలిగించనే లేదు.

గుర్తేమైనా ఉందా మావయ్యా? పోనీ నువ్వే రాకూడదూ? వచ్చి ఆ ఊగే కాలు కూడా సరిచేసి వెళుదువుగాని.

నాలుగేళ్ళ ఉత్తరాలకీ క్షమించు. ఇది తప్ప ఇంకో మాట తోచడం లేదు.

నీ పేచీకోరు

తా.క. "నా పన్ను కూడా అమ్మ ఎవరికో ఇచ్చేసిందేమో తాతయ్యని అడుగు" అంటోంది చిన్నది.


జూన్ 20

పేచీకోరూ,

మంచం మీద కూర్చుని రాస్తున్నాను. నేనూ నిజమే రాయాలి గదా.

కొట్టు మూసి రెండేళ్ళు దాటింది. చేతులు వణుకుతున్నాయి. పెన్ను మంచిదే. రంపం గోడకి వేలాడుతోంది. పక్కన పెట్టాలంటే ముందు చేత్తో పట్టుకోవాలి గదా. నీ కవర్లలో రాలే పొట్టు ఎదురు వీధిలో ఇంకొకరి కొట్టు నుంచి గుప్పెడు తెచ్చుకుని చల్లేవాణ్ణి. నీకు సంతోషంగా ఉంటుందని. కాబట్టి నిన్ను తిట్టే హక్కు నాకు సగమే ఉంది. ఆ సగం పోయిన ఉత్తరంలో వాడేసుకున్నాను.

ఆ బల్ల తర్వాత నేను చెప్పుకోదగ్గ వస్తువు ఏదీ చేయలేదు. అదే ఆఖరుది.

ఇక గుర్తు సంగతి. ఇది ఎవరికీ చెప్పలేదు. నేను బల్లకి కనపడని వైపు కూడా వార్నిష్ వేస్తాను. అడుగు భాగానికి వార్నిష్ వేయనివాడు వడ్రంగే కాదు. ఆ రోజు బల్లని తిరగేసి రెండో పూత వేసి, ముట్టుకోవద్దని మీ అత్తయ్యకి పదిసార్లు చెప్పి, అలా వెళ్ళి మొహం కడుక్కొచ్చాను. అంతే. ఆరిందో లేదో చూద్దామని బొటనవేలు నొక్కింది. గీతలతో సహా దిగింది ముద్ర. నేను గుడ్లురిమితే, "నువ్వు చేశావని అందరూ అంటారు, నేను రుద్దానని ఎవరంటారు? అదే నా సంతకం" అంది. దాన్ని రుద్ది తీసేయడానికి నాకు చేతులు రాలేదు. పొడుగు అంచు మధ్యలో, అడుగున, అంచు నుంచి నాలుగు వేళ్ళు లోపలికి ఉంటుంది. కూర్చుంటే మోకాలికి పైన.

బల్లతోపాటు ఇంకొకటి పోయిందన్నాను చూడు, అదే ఇది. ఫొటోలున్నాయి, చీరలున్నాయి. కానీ ఆ మనిషి చెయ్యి ఆనించిన చోటు నాకు తెలిసి అదొక్కటే.

నేను రాను. వచ్చి కాలు ఊగుతుంటే చూస్తూ కూర్చోలేను. చేత్తో ఏమీ చేయనూ లేను. నువ్వు మాత్రం వెళ్ళి చూడు. కంపెనీ సంగతి తర్వాత రాయి, సంఘం సంగతి తర్వాత రాయి. అది ఇంకా ఉందో లేదో, ముందు ఆ ఒక్క ముక్క రాయి.

మీ మావయ్య


జూలై 11

మావయ్యా,

ఉంది.

నీ బల్ల దగ్గరే కూర్చుని రాస్తున్నాను. కిటికీ వైపు మూడో కుర్చీ. మోచెయ్యి టీకప్పు గుండ్రం మీద ఆనించాను. నమ్మకపోతే మాస్టారు సాక్షి సంతకం పెడతానంటున్నారు, నంబరుతో సహా.

ఇప్పుడు మొదటినుంచి చెబుతాను. కమిటీలో కావలసిన ఆరుగురూ వచ్చారు. నా కోసం కాదు, బల్ల కింద ఏదో ఉందట అన్న వార్త కాలనీ అంతా పాకింది. సర్వేయర్ టార్చిలైటుతో వచ్చాడు. నీ ఉత్తరంలో గుర్తు ఉన్న పేరా చదివి వినిపించాను. "అదే నా సంతకం" దగ్గర నేను ఆగిపోతే మాస్టారు కాగితం తీసుకుని చివరిదాకా చదివారు. చదివి, కళ్ళజోడు తుడుచుకుని, "బల్ల కింద దూరడం గురించి నిబంధనల్లో ఏమీ లేదు" అని, మోకాళ్ళ మీద వంగి అందరికంటే ముందు ఆయనే దూరారు.

ముందు దొరికింది ముద్ర కాదు. ఊగే కాలి కింద మడిచి పెట్టిన కాగితాలు! మాస్టారు లాగి విప్పి చూశారు. నా దరఖాస్తులు. మొదటిదీ, రెండోదీ. ఆరుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరు పెట్టారో ఈ జన్మకి తేలదు. నాకు ఎంత నవ్వొచ్చిందో చెప్పలేను. నా ఇల్లు ఆపింది నీ బల్ల కాలే మావయ్యా!

తర్వాత సర్వేయర్ వెల్లకిలా పడుకుని, నువ్వు చెప్పిన కొలతకి టార్చి వేశాడు. "ఉందండీ" అన్నాడు. మొదటిసారి నన్ను అండీ అన్నాడు. పైకి లేచి, చొక్కాకి అంటిన దుమ్ము దులుపుకోకుండానే పుస్తకంలో ఏదో రాసుకుని, విచారణ ఇంతటితో సరి అన్నాడు.

అప్పుడు చూసుకుంటే కంపెనీ, సంఘం మొదటిసారి ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చుని ఉన్నాయి. మాస్టారు "ముందు మీ అంచనా మీద సంతకం" అన్నారు. సర్వేయర్ "ముందు మీ అనుమతి మీద" అన్నాడు. నేను నెత్తి బాదుకున్నాను. చివరికి ఆ కాగితం ఆయన ముందు, ఈ కాగితం ఈయన ముందు పెట్టాను, మాస్టారు బళ్ళో లాగా "ఒకటి, రెండు, మూడు" అంటే ఇద్దరూ ఒక్కసారే సంతకాలు పెట్టారు. ఎవరు ముందో ఎవరికీ తెలియదు. సోమవారం కప్పు పని మొదలు. ఆగస్టు ఇరవైకల్లా గృహస్థులం మళ్ళీ. నీలం పట్టా మీద జరిమానా మాత్రం అలాగే ఉంది, అది వేరే నిబంధనట. చిన్నదాని పన్ను దగ్గర సర్వేయర్ "విలువ కట్టలేనిది" అని రాసి ఇచ్చాడు. అది ఆ కాగితాన్ని దిండు కింద పెట్టుకుంది.

బల్ల వెనక్కి తీసుకోమన్నారు. ముందుగది ఇప్పటికీ పదకొండు అడుగులే. నువ్వు ఊ అంటే ఇక్కడే ఉంటుంది. ఎనిమిది కుర్చీలకి ఎనిమిది మంది దొరికిన చోటు ఇదొక్కటే. సంఘం పుస్తకంలో మాత్రం పాత వాక్యం కొట్టేయించి, "చేసినది మా మావయ్య, రుద్దినది మా అత్తయ్య" అని రాయించాను.

కాగితాలు తీసేశాక కాలు ఇంకా ఎక్కువ ఊగుతోంది. నువ్వు రావాలి. ఈసారి వంకలు చెప్పడానికి ఎవరికీ ఏమీ మిగల్లేదు. ఉలి మా ఆయన పట్టుకుంటాడు. ఎక్కడ కొట్టాలో నువ్వు చెప్పు, తప్పు కొడితే తిట్టు. చేతులు వణికితే వణకనీ, నీ నోటికి ఏ రోగమూ రాలేదని నాకు తెలుసు.

అందరూ వెళ్ళిపోయారు. తాళం నాకే ఇచ్చారు. ఇందాక ఒక్కదాన్నే బల్ల కింద పడుకుని, నా బొటనవేలు దాని మీద పెట్టి చూశాను. అత్తయ్య వేలు నా వేలికంటే చిన్నది మావయ్యా. నాకు ఆవిడ పెద్ద మనిషిగానే గుర్తు. ఈ ఉత్తరం చివరి కాగితం దాని మీద ఆనించి, చిన్నదాని పెన్సిలుతో మెల్లగా రుద్దాను. గీతలన్నీ వచ్చాయి.

అందుకని ఈసారి నా సంతకం లేదు. కింద ఉన్నది ఆవిడది.